ఏడాది బల్ల

ఆగస్టు 11

ఊరి మొదట్లో నా మనవడి బ్యానరు కట్టారు. పిల్లాడి మొహం బస్సు చక్రమంత ఉంది. కింద "పదమూడేళ్ళ తర్వాత మన ఊరి బిడ్డ! తోబుట్టువులకు స్వాగతం!" అని రాయించారు. పేరు సెబొమ్ అని వేశారు. మేం పెట్టుకున్నది రోద్యా. రోద్యా అంటే ఇక్కడెవరికీ నోరు తిరగదని మండలాఫీసు బాంగ్ గారే ఒక పేరు వెతికాడు. కొత్త వసంతం అని అర్థమట. వాడు పుట్టింది సెప్టెంబరులో.

తాష్కెంటు పక్కన మా పల్లెలో ఉన్నన్నాళ్ళూ మమ్మల్ని కొరియావాళ్ళు అన్నారు. కొరియాకొచ్చాక రష్యావాళ్ళు అంటున్నారు. బ్యానరు మీద మాత్రం తోబుట్టువులం. గుడ్డ మీద రాయడానికి ఏం పోయింది.

అయినా ఫోటో తీసి చెల్లెలికి పంపాను. బాగా వచ్చింది.

ఆగస్టు 15

కోడలితో గొడవ. రోద్యా ఏడాది బల్ల దగ్గర మొదలైంది. అలీనా సముద్రపు నాచు ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చేతులు కడుక్కోకుండానే కూలబడి, "అత్తయ్యా, ఒక కేకు కోసి నాలుగు బెలూన్లు కడితే సరిపోదా?" అంది.

"సరిపోదు."

"మీ మూడు బల్లల పురాణం మళ్ళీ ఎత్తకండి."

ఎత్తాను. మనిషికి జన్మలో మూడు బల్లలు. ఏడాది నిండిన రోజున ఒకటి, పెళ్ళికి ఒకటి, అరవయ్యో ఏట కన్నబిడ్డలు వేసేది ఒకటి. మొదటిది తప్పితే మిగతా రెండింటికీ హక్కు లేదు. ఏడాది బల్ల ఆ రోజు దాటకూడదు, పొద్దు నడినెత్తికి రాకూడదు. ఒకసారి వేశాక మళ్ళీ వేయకూడదు. దాని మీదికి జిగురు బియ్యం ముద్ద దంచే చేయి మూడు బల్లలకీ నోచుకున్న చేయి కావాలి, లేకపోతే ఆ చేతి లోటు బిడ్డకు అంటుతుంది. ఇవన్నీ మా నాయనమ్మ మాటలు. మనవాళ్ళందరినీ రష్యా సర్కారు పశువుల రైళ్ళలో ఎక్కించి తాష్కెంటు వైపు ఎడారిలో దింపినప్పుడు ఆవిడ వెంట దిగిన సామాను ఇదొక్కటే.

"మరి మీకు వేశారా?" అంది అలీనా. తెలిసే అడిగింది.

వేయలేదు. అమ్మ టైఫాయిడ్‌తో ఆస్పత్రిలో ఉంది, నాన్న ఎక్కడో ఉల్లిపొలాల్లో ఉన్నాడు. నాయనమ్మ అప్పటికే మంచం పట్టింది. ఎవరికీ గుర్తు లేదు. నా పెళ్ళి కూడా రిజిస్ట్రారు బల్ల మీద రెండు సంతకాలతో అయిపోయింది. ఈ డిసెంబరుకి నాకు అరవై. బల్ల వేస్తానమ్మా అని కొడుకు ఆర్కాడీ అడిగితే వద్దన్నాను. పునాది లేని ఇంటికి కప్పు ఎందుకు.

నాకు లేకపోతే పీడా పోయింది. వాడికి ఉండాలి.

ఆగస్టు 18

పక్కింటి మల్‌సున్ అవ్వ ఒప్పుకుంది. ఎనభై ఆరేళ్ళ మనిషి. మూడు బల్లలూ చూసింది. ఈ ఊళ్ళో చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు గానీ రోకలి ఎత్తగలిగింది ఈవిడే.

"ఏటవ్వా, దంచుతావా లేదా, సెప్పు" అన్నాను.

పడీ పడీ నవ్వింది. "ఆ మాటలేంటే తల్లీ! మా అమ్మమ్మ కాటికెళ్ళేటప్పుడు వెంట తీసుకుపోయింది అనుకున్నా ఆ భాష. నువ్వు మోసుకొచ్చావా?"

"నవ్వు తరవాత నవ్వుదువు గానీ, దంచుతావా?"

"దంచుతానే. భుజం ఊడిపోయినా దంచుతా. చావు వంటలకి తప్ప నా రోలు కడిగి ఎన్నేళ్ళయిందో."

ఆగస్టు 26

బాంగ్ గారు వచ్చాడు. రోద్యాని ఎత్తుకున్నాడు, వాడు కళ్ళజోడు లాగితే కోప్పడలేదు.

"నాయనమ్మగారూ, చిన్న సర్దుబాటు. బాబు పుట్టినరోజు, సెప్టెంబరు మూడో తారీకు, బుధవారం పడింది. వేడుకకు జిల్లా పెద్దగారు వస్తామన్నారు, ఆయనకు బుధవారాలు అస్సలు కుదరవు. పదమూడు, శనివారం, మధ్యాహ్నం మూడింటికి పెట్టుకుందాం. స్కూలు హాల్లో. టీవీవాళ్ళు కూడా వస్తారు."

"ఏడాది బల్ల ఆ రోజే ఎయ్యాలి బాబూ. అదీ పొద్దున్నే."

"ఈ రోజుల్లో అందరూ సెలవు చూసుకునే కదండీ చేసేది. హాలు దొరక్క మా వాడిది రెండు వారాలు ముందే చేసేశాం."

"మీరు ముందు సేసారు. ఎనక కాదు."

నవ్వాడు. చేతిలో పిల్లాడితోనే లేచి ఇల్లంతా చూశాడు. మూతపడ్డ స్కూలు పంతుళ్ళ క్వార్టరు ఇది. తోబుట్టువుల పథకం కింద మాకిచ్చారు. ఈ మండలంలో కాపురం ఉన్నంతకాలం అద్దె లేదు, ఏటా నవంబరులో వీళ్ళ సంతకం పడాలి.

"వానకి కప్పు కారట్లేదు కదా? నవంబరులో సంతకాలప్పుడు మళ్ళీ వచ్చి చూస్తాను" అన్నాడు.

మంచి మనిషి. బెదిరించలేదు. నిజంగానే కప్పు చూశాడు.

ఆగస్టు 27

కుదరదని చెప్పేస్తాను.

ఆగస్టు 29

చెప్పాను. కుదురుతుందని.

ఆగస్టు 30

అలీనా ఇలా అంది: "బుధవారం పొద్దున్నే మనింట్లో వేసేయండి. శనివారం నాటకం వాళ్ళది, వాళ్ళనే ఆడుకోనివ్వండి. ఎవరికి తెలుస్తుంది?"

ఎప్పుడూ నా మాటకు అడ్డం చెప్పే పిల్ల దారి చూపిస్తే నేనే కాదన్నాను. రెండుసార్లు వేస్తే రెండోది ఎంగిలి బల్ల, మొదటిదాన్ని కూడా పాడుచేస్తుంది. అందుకని కాదన్నాను. ఇల్లు కూడా ఉంది కదా. వీధిన పడితే పిల్లాడికి బల్ల ఎక్కడ వేస్తాం.

మల్‌సున్ అవ్వ ఇంట్లో గోడ క్యాలెండరు చూశాను. చంద్రుడి లెక్కన రోద్యా పుట్టినరోజు ఇంకా మూడు వారాలు ఉంది. అంటే శనివారం ముందే వస్తుంది, వెనక కాదు. పాతకాలం వాళ్ళందరూ చంద్రుడి లెక్కే చూసేవాళ్ళు. తప్పేం లేదు.

బస్తీకి వెళ్ళి జుట్టు ఉంగరాలు తిప్పించుకున్నాను. టీవీ కోసమేం కాదు. ఎలాగూ తిప్పించుకోవాల్సిందే.

సెప్టెంబరు 3

వాన. పొద్దున్నే తలుపు చప్పుడైతే తీశాను. మల్‌సున్ అవ్వ. నెత్తిన పాలిథిన్ సంచి, చేతిలో నానబెట్టిన జిగురు బియ్యం గిన్నె. మార్చారన్న సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ అంటే నేను.

"శనివారానికి మారిందవ్వా. పదమూడుకి."

"పిల్లాడు ఇవాళ కదే పుట్టింది?"

"ఇవాళే."

"మరి పుట్టిన రోజుని ఆఫీసువాళ్ళెలా మారుస్తారే? రేపు నా చావుకి కూడా సెలవు చూసుకోమంటారా?"

నా జుట్టు వంక ఒకసారి చూసి, గిన్నె తీసుకుని వానలో వెళ్ళిపోయింది. ఆ బియ్యంతో ఏం చేసిందో అడగలేదు.

రోద్యా గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాడు.

సెప్టెంబరు 13

అయిపోయింది.

హాలు నిండా ముసలివాళ్ళు. ఇంతమంది ఒకచోట చేరేది ఎవరైనా పోయినప్పుడేనట. జిల్లా పెద్దగారు వచ్చేసరికి మూడున్నర. మైకు పట్టుకుని మన రక్తం, మన వేళ్ళు, తిరిగి వచ్చిన తోబుట్టువులు అంటూ చాలాసేపు మాట్లాడాడు. నాకేసి చూసి వంగి దండం కూడా పెట్టాడు. కడుపు నిండిపోయింది. అబద్ధం ఎందుకు, నిండింది.

బల్ల వాళ్ళే సర్దారు. గులాబీ రంగు కేకు, మూడు అంతస్తులది. నేను పట్టుకెళ్ళిన బియ్యం గిన్నెలు మూడూ, దారం కండె, కత్తెర, పుస్తకం బల్ల కిందికి వెళ్ళిపోయాయి. కత్తెర ఫోటోలో బాగోదట. బదులుగా డాక్టరు గొట్టం, జడ్జి సుత్తి, గోల్ఫు బంతి, చిన్న మైకు పెట్టారు. అవ్వ దంచే ముద్ద సంగతేంటని నేను అడిగితే "కేకు వచ్చింది కదండీ" అన్నారు.

అది రోద్యా నిద్రపోయే వేళ. లైట్లకి బెదిరి గుక్కపట్టి ఏడ్చాడు. బల్ల మీద బిడ్డ ఏది పట్టుకుంటే బతుకు ఆ దారిన పోతుందంటారు, వాడు ఏదీ ముట్టుకోలేదు. చివరికి జిల్లా పెద్దగారే వాడి పిడికిలి విప్పి మైకు పెట్టి మూశారు. చప్పట్లు. టీవీలో అదే వచ్చింది.

"మీ మనవడు గాయకుడవుతాడు" అన్నాడు బాంగ్ గారు.

అలీనా బల్ల కింద నుంచి నా గిన్నెలు ఏరి సంచిలో వేసుకుంది. నన్ను తిట్టినా బాగుండేది.

సెప్టెంబరు 14

చంద్రుడి లెక్కన చూస్తే ఇంకా టైముంది. వేసింది ముందే వేశాం.

సెప్టెంబరు 22

ఇవాళే చంద్రుడి లెక్క. ఏమీ చేయలేదు. మా ఇంట్లో చంద్రుణ్ణి ఎవరు లెక్కపెట్టారు గనక.

సెప్టెంబరు 25

ఆర్కాడీ మండలాఫీసుకు వెళ్ళి వచ్చాడు. ఈ మండలంలో బిడ్డ పుడితే ఇచ్చే కానుక, బాలవాడి ఫీజు మాఫీ అడుగుదామని వెళ్ళాడు. వచ్చి బూట్లు విప్పకుండా గడపలోనే కూర్చున్నాడు.

"ఇవ్వరటమ్మా. తల్లో తండ్రో ఎవరో ఒకరు ఈ దేశ పౌరులై ఉండాలట."

"తోబుట్టువులం కదరా?"

"తోబుట్టువులమేనట. పౌరులం కాదట. ఇంకో సంగతి విను. రోద్యా వాళ్ళ జననాల లెక్కలో కూడా లేడు. ఆ లెక్కలో పౌరుల పిల్లల్నే వేస్తారట. ఊరికి ఇంకా పదమూడేళ్ళుగా బిడ్డ పుట్టనట్టేనట."

"మరి బ్యానరు?"

"అది ప్రచారమట."

బాంగ్ గారు వాడికి కాఫీ ఇచ్చాడట, రెండుసార్లు క్షమించమన్నాడట. అతన్ని తిట్టడానికి కూడా వీల్లేదు. మనుషులు కావాలి వీళ్ళకి. నాచు ఏరడానికి కావాలి, ముసలివాళ్ళ ఒళ్ళు తుడవడానికి కావాలి, ఫోటోలో నవ్వడానికి కావాలి. బిడ్డల్లో లెక్కపెట్టడానికి మాత్రం పనికిరాం.

అలీనా మళ్ళీ అన్‌సాన్ పట్నానికి పోదామని ఊసెత్తింది. వాళ్ళక్క అక్కడే ఉంది. మనవాళ్ళు వీధులకు వీధులే ఉన్నారట, రోద్యాని రోద్యా అనే పిలుస్తారట.

అక్టోబరు 6

పంటల పండగ. ఊరంతా కార్లు. మల్‌సున్ అవ్వ మనవరాలు, భర్త, పసిపిల్ల వచ్చారు. పిల్ల పేరు హారిన్. వీళ్ళు ఉండేది పెద్ద నగరంలో. చిరునామా మాత్రం నిరుడే, పిల్ల పుట్టకముందే, అవ్వ ఇంటికి మార్చుకున్నారట. ఇక్కడ కానుక ఎక్కువని. పిల్ల ఇక్కడ ఉండదు గనక, లెక్కలో ఉన్న ఆ పేరును మండలాఫీసులో ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు పట్టించుకున్నారు.

అవ్వ పళ్ళెం నిండా పండగ పిండివంటలు పంపింది. తిన్నాం.

అక్టోబరు 13

ఊరి మొదట్లో కొత్త బ్యానరు. "పదమూడేళ్ళ తర్వాత మన ఊరి బిడ్డ!" అవే అక్షరాలు, అదే రంగు, అదే ఎత్తు. హారిన్ మొహం ఉంది. తోబుట్టువుల మాట తీసేశారు. ఈ నెల ఇరవై రెండున ఏడాది వేడుక, పొద్దున తొమ్మిదింటికి. బుధవారం. బుధవారాలు కుదరని పెద్దమనిషికి ఈ బుధవారం కుదిరింది.

పాత బ్యానరు అవ్వ వాకిట్లో ఉంది. దాని మీద ఎండుమిరపకాయలు ఆరబోసింది. ఊళ్ళో ఏ బ్యానరుకైనా చివరికి జరిగేది అదే, అందులో ఆవిడ తప్పేం లేదు. మిరపకాయల మధ్య నుంచి రోద్యా కన్ను ఒకటి కనిపిస్తోంది.

ఇంటికొచ్చి ఏడ్చాను. కోపంతోనే.

అక్టోబరు 16

అవ్వ వచ్చింది. కుడి భుజం పట్టేసిందట, చేయి లేవడం లేదు.

"హారిన్ ముద్ద నువ్వు దంచాలే."

"నానా?"

"నువ్వే. ఈ ఊళ్ళో రోకలి ఎత్తే ఆడది ఇంకెవరున్నారే? పైగా నీ మనవడికి అన్యాయం జరిగింది. నాకు తెలుసు. ఆ పిల్లకి నీ చేతి మీదుగా జరిగితే నాకు కాస్త మనసు కుదుటపడుతుంది. నీది చలవ చేయే. నువ్వు నాటిన ముల్లంగి చూడు, ఎలా వచ్చిందో."

నాకు ఏడాది బల్ల వేయలేదని ఆవిడకు తెలీదు. ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సింది ఇప్పుడే. నోటిదాకా వచ్చింది. ఇంతలో ఆవిడ వెనక, వాళ్ళ వాకిట్లో మిరపకాయలతో ఎర్రగా పరుచుకున్న ఆ బ్యానరు గుడ్డ కనబడింది.

"సేత్తాన్లే" అన్నాను.

అక్టోబరు 18

ఇవి పాతకాలం మాటలు. చేయి ఏంటి, లోటు ఏంటి. చదువుకున్నవాళ్ళు నవ్వుతారు. ఏమీ కాదు.

అక్టోబరు 19

ఏమీ కాదని నమ్మితే రోద్యా విషయంలో ఎందుకు ఏడ్చినట్టు.

అక్టోబరు 21

బియ్యం నానబెట్టాను. చెప్పలేదు.

అక్టోబరు 22

తెల్లవారుతుండగా అవ్వ వాకిట్లో దంచాను. ఉడికిన బియ్యం పొగలు కక్కుతోంది. అవ్వ పీట వేసుకుని కూర్చుని, "అలా! అలా! చేయి తిరిగినదానివే!" అంటూ ఉత్సాహపరిచింది. నేను బాగా దంచాను. జీవితంలో అంత బాగా ఎప్పుడూ దంచలేదు. ప్రతి దెబ్బకీ ఒక మాట అనుకున్నాను. ఆ మాటలు ఇక్కడ రాయను. అవ్వ ఒక గుప్పెడు అన్నం దంచకుండా పక్కన తీసి మూతపెట్టింది. ఎందుకంటే, "ఆనవాయితీలే" అంది.

ముద్దలు చేసి, ఎర్ర చిక్కుడుగింజల పొడి అద్ది, పళ్ళెం నెత్తిన పెట్టుకుని నేనే హాలుకు మోసుకెళ్ళాను. బల్ల ఈసారి సరిగా ఉంది. బియ్యం గిన్నెలు, దారం, పుస్తకం. అవ్వ పట్టుబట్టి పెట్టించిందట. కత్తెర కూడా ఉంది. కేకు ఒక మూలకు పోయింది. జిల్లా పెద్దగారు తొమ్మిదికి పావుగంట ముందే వచ్చి కూర్చున్నారు.

పిల్లని చాప మీద దింపారు. చిన్న చిన్న బుగ్గలు, ఎడమ బుగ్గ మీద చెమట పొక్కులు. జనాన్ని చూసి ఏడవలేదు. పాకుతూ పాకుతూ సరాసరి నా దగ్గరికి వచ్చి, నా మోకాలు పట్టుకుని లేచి నిలబడింది. రోద్యా కూడా అలాగే లేస్తాడు, ముందు ఒక చెయ్యి, తర్వాత రెండోది, ఆ తర్వాత గెలిచినట్టు ఒక నవ్వు.

"చూశావా, ఎవరి దగ్గరికి వెళ్ళాలో దానికి తెలుసు" అంది అవ్వ. "ఆవిడ కూడా నీకు అమ్మమ్మేనే. నీ ముద్ద దంచింది ఆవిడే." అంటూ ఎడం చేత్తో పళ్ళెంలోంచి చిటికెడు తుంచి పిల్ల నోటి దగ్గరికి తెచ్చింది.

అవ్వ చేతిని కొట్టాను. గట్టిగానే కొట్టాను. పళ్ళెం పట్టుకుని మొత్తం నేల మీదికి బోర్లించాను. ముద్దలు దొర్లి జిల్లా పెద్దగారి కాళ్ళదాకా పోయాయి. అది చాలదన్నట్టు, ఏరుకుని వాడేస్తారేమోనని, కాలితో తొక్కాను.

అందరికీ ఒకేసారి నోరు లేచింది.

"ఓర్వలేని మనిషి!"

"తన మనవడికి జరగలేదని పసిదాని మీద కక్ష చూడు!"

"అందుకే బయటివాళ్ళని అంత నెత్తికెక్కించుకోకూడదు అనేది."

బాంగ్ గారు గబగబా కర్ర తుడుపుగుడ్డ తెచ్చాడు. హారిన్ వాళ్ళమ్మ పిల్లని లాక్కుని గుండెకి హత్తుకుంది. ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది.

అవ్వ తన చేయి రుద్దుకుంటూ నన్నే చూసింది. ఏదైనా అంటుందని ఎదురుచూశాను.

"పోవే. ఇంటికి పో" అంది. అంతే.

ఏమని చెప్పను? నా చేయి మంచిది కాదవ్వా అంటే, మరి తెలిసి ఎందుకు దంచావే అంటుంది. దానికి నా దగ్గరున్న జవాబు వాళ్ళు అరుస్తున్న మాటే. తెల్లారి నుంచి తొమ్మిదింటిదాకా అది నిజం. తొమ్మిది తర్వాత కాదు. అంత లెక్క ఎవరికి చెప్పను?

ఇంటికొచ్చి వంటింట్లో కూర్చున్నాను. కాసేపటికి పక్కింట్లోంచి చప్పుడు వినబడింది. చిన్న చప్పుడు, ఆగి ఆగి. వెల్లుల్లి నూరే చిన్న రోట్లో అవ్వ ఎడం చేత్తో దంచుతోంది. దాచిన గుప్పెడు అన్నం. మూడు బల్లల చేయి. గడియారం చూశాను, పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు.

చప్పుడు ఆగేదాకా కదల్లేదు.

అక్టోబరు 25

అవ్వ మా గోడవైపు తలుపు తీయడం మానేసింది. వాకిట్లో మిరపకాయలు ఎత్తేసి, ఆ బ్యానరు మడతపెట్టి మా గడపలో పెట్టి వెళ్ళింది. తిట్టో, ఇంకేదో నాకు తెలీదు. ఉతికి ఉంది.

బాంగ్ గారు వచ్చి నిలబడే మాట్లాడాడు. ఊళ్ళో ఏదో అనుకుంటున్నారని, నవంబరు సంతకం సంగతి ఈసారి పైవాళ్ళు చూస్తారని చెప్పాడు. కప్పు చూడలేదు.

ఆర్కాడీ అన్‌సాన్‌లో గది చూశాడు. నెలాఖరుకి వెళ్ళిపోతాం. అలీనా గిన్నెలు సర్దుతూ, "అసలు ఎందుకలా చేశారు అత్తయ్యా?" అని మెల్లిగా అడిగింది. చెయ్యి జారిందన్నాను. "కాలు కూడా జారిందా?" అంది. ఇన్నాళ్ళలో మొదటిసారి ఇద్దరం కలిసి నవ్వాం. తర్వాత నాకు నవ్వు ఆగి ఏడుపొచ్చింది, ఆ పిల్ల గిన్నెలు వదిలేసి నా పక్కన కూర్చుంది.

రోద్యా ఇప్పుడు ఏమీ పట్టుకోకుండా నడుస్తున్నాడు. వాడూ నేనూ ఇప్పుడు జత, బల్ల లేనివాళ్ళం.

హారిన్‌కి అరవయ్యేళ్ళు వచ్చేసరికి ఈ ఊళ్ళో ఎవరైనా మిగిలితే బల్ల వేస్తారు. వేస్తే నిశ్చింతగా కూర్చోవచ్చు. నావైపు నుంచి అడ్డేమీ లేదు.